ఎస్ఎఫ్ఓలో దిగి నాపా వ్యాలీకి వెళ్తున్నారా? ఏ ఎయిర్‌పోర్ట్, ఏ రూట్, ఎక్కడ టోల్.. స్టీరింగ్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి

సమ్మర్ వచ్చిందంటే చాలు, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళు నిండిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు, కజిన్స్ దిగుతారు. మొదటి వారం గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి. రెండో వారం యోసెమిటీ. మూడో వారానికి ఎవరో ఒకరు మెల్లగా అంటారు.. "నాపా వెళ్దామా?" అని.

మ్యాప్స్‌లో కొడితే ఎస్ఎఫ్ఓ నుంచి నాపా టౌన్‌కి గంటా పావు అని చూపిస్తుంది. "ఓస్, ఇంతేనా" అనుకుని బయల్దేరుతారు. తీరా చూస్తే శుక్రవారం సాయంత్రం ఐ-80 మీద రెండున్నర గంటలు, రెంటల్ కారుకి వచ్చిన టోల్ బిల్లు, బుకింగ్ లేదని వెనక్కి పంపిన వైనరీ. ఇవన్నీ చిన్న విషయాలే. అసలు పెద్ద విషయం ఇంకోటి ఉంది. తిరుగు ప్రయాణంలో ఎవరు డ్రైవ్ చేస్తున్నారన్నది. అది తేడా కొడితే పోయేది ఒక్క రోజు ట్రిప్ కాదు, వీసా. దాని గురించి వివరంగా చెప్పుకుందాం. ముందు ఎక్కడ దిగాలో చూద్దాం.

ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే బెటర్?

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి వచ్చేవాళ్ళకి పెద్దగా ఛాయిస్ ఉండదు. దుబాయ్, దోహా, ఢిల్లీ.. ఎక్కడ మారినా చివరికి దిగేది ఎక్కువగా శాన్‌ఫ్రాన్సిస్కో ఇంటర్నేషనల్, అంటే ఎస్ఎఫ్ఓలోనే. కానీ అమెరికాలోనే వేరే ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు కదా. డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో, సియాటెల్ నుంచో లాంగ్ వీకెండ్‌కి వచ్చేవాళ్ళు. వాళ్ళు కూడా అలవాటుగా ఎస్ఎఫ్ఓనే బుక్ చేస్తుంటారు. అక్కడే ఒక్క నిమిషం ఆగాలి.

ఎస్ఎఫ్ఓ నుంచి నాపాకి సుమారు 55-60 మైళ్ళు. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీని ఏదో ఒక వైపు నుంచి దాటాల్సిందే. ఓక్లాండ్ ఎయిర్‌పోర్ట్ నుంచైతే సుమారు 45-50 మైళ్ళు. పది మైళ్ళే కదా తేడా అనుకోవద్దు. ఓక్లాండ్ బే కి తూర్పు వైపు ఉంది, నాపా వెళ్ళే దారి కూడా అటే. సిటీలోకి వెళ్ళక్కర్లేదు, బే బ్రిడ్జి ఎక్కక్కర్లేదు.

మూడోది శాక్రమెంటో. దీన్ని చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. దూరం సుమారు 65 మైళ్ళు, అంటే ఎస్ఎఫ్ఓ కన్నా కాస్త ఎక్కువే. కానీ దారిలో ఒక్క టోల్ బ్రిడ్జి కూడా లేదు. ఐ-5 మీద దక్షిణానికి వచ్చి, ఐ-80 వెస్ట్ పట్టుకుని డేవిస్, వాకావిల్ దాటి, ఫెయిర్‌ఫీల్డ్ తర్వాత హైవే 12 మీదకి దిగితే జేమ్సన్ కాన్యన్ మీదుగా నాపా. శుక్రవారం సాయంత్రం బే ఏరియా జనం అంతా శాక్రమెంటో, లేక్ టాహో వైపు పరిగెడుతుంటారు. మీరు దానికి ఎదురు దిశలో వస్తారు. అదే ప్లస్. అయితే ఆదివారం సాయంత్రం సీన్ రివర్స్. టాహో నుంచి తిరిగొచ్చే జనంతో ఐ-80 వెస్ట్ నిండిపోతుంది. ఆ టైమ్‌లో దిగేవాళ్ళు ఇది మర్చిపోతే బెటర్.

ఇక నాలుగోది శాంటా రోసా దగ్గరున్న సొనోమా కౌంటీ ఎయిర్‌పోర్ట్. పీనట్స్ కార్టూన్లు, స్నూపీ కుక్కపిల్ల గుర్తున్నాయా? వాటిని గీసిన చార్లెస్ షుల్జ్ పేరే ఈ ఎయిర్‌పోర్ట్‌కి పెట్టారు. చిన్నది. వెస్ట్ కోస్ట్ సిటీల నుంచి కొన్ని ఫ్లైట్లే వస్తాయి. కానీ మీ ప్లాన్ నాపా కాదు, సొనోమా వైపు హీల్డ్స్‌బర్గ్, డ్రై క్రీక్, రష్యన్ రివర్ వ్యాలీ అయితే దీన్ని మించింది లేదు. దిగిన 15-20 నిమిషాల్లో ద్రాక్షతోటల మధ్య ఉంటారు. నాపాలోనూ ఒక ఎయిర్‌పోర్ట్ ఉంది కానీ అది ప్రైవేటు విమానాలకి. మనకి సంబంధం లేదు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా ఇక్కడే క్లియర్ చేసుకుందాం. నాపా, సొనోమా ఒకటి కాదు. రెండూ పక్కపక్క కౌంటీలు, మధ్యలో మయాకమాస్ కొండలు. నాపా వ్యాలీ సుమారు 30 మైళ్ళ పొడవున్న సన్నటి లోయ, ఎక్కువ వెడల్పు ఉన్న చోట కూడా 5 మైళ్ళే. సొనోమా కౌంటీ దానికి రెట్టింపు కన్నా పెద్దది, తోటలన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి. "పొద్దున నాపా, మధ్యాహ్నం సొనోమా" అని ప్లాన్ వేస్తే రోజంతా కార్లోనే గడుస్తుంది. ఒక రోజుకి ఒకటి. అంతే.

ఎస్ఎఫ్ఓ నుంచి రెండు దారులు.. టోల్‌లో ఉంది ట్రిక్కు

ఎస్ఎఫ్ఓలో రెంటల్ కారు తీసుకోవాలంటే టెర్మినల్ నుంచి ఎయిర్‌ట్రెయిన్ బ్లూ లైన్ ఎక్కి రెంటల్ కార్ సెంటర్‌కి వెళ్ళాలి. ఇంటర్నేషనల్ ఫ్లైట్‌లో వచ్చేవాళ్ళు ఇమిగ్రేషన్, లగేజ్ కలిపి రెండు గంటలు తీసి పక్కన పెట్టుకుని కారు బుకింగ్ టైమ్ ఇవ్వండి.

అక్కడి నుంచి మొదటి దారి గోల్డెన్ గేట్ మీదుగా. ఇందులో చాలామందికి తెలియని ట్విస్ట్ ఏంటంటే, ఫ్రీవే నేరుగా బ్రిడ్జికి కలవదు. మధ్యలో సిటీ రోడ్లు. ఐ-280 నుంచి హైవే 1 పట్టుకుని 19వ అవెన్యూ మీద సిగ్నల్ తర్వాత సిగ్నల్ దాటుకుంటూ వెళ్ళాలి. బ్రిడ్జి దాటాక 101 మీద మారిన్ కౌంటీ గుండా నోవాటో వరకు. అక్కడ హైవే 37 తీసుకుని, సియర్స్ పాయింట్ దగ్గర ఎడమకి తిరిగితే హైవే 121. కార్ రేసులు జరిగే సొనోమా రేస్‌వే పక్కనుంచే వెళ్తుంది. ఆ తర్వాత కార్నెరోస్ తోటలు, చివరికి హైవే 29, నాపా. అందంలో ఈ దారికి తిరుగులేదు. అయితే రేస్‌వేలో పెద్ద ఈవెంట్ ఉన్న రోజు మాత్రం అటు వెళ్ళకండి. గట్టిగా వానలు పడిన రోజుల్లో నోవాటో దగ్గర 37 మునిగి మూతపడిన సందర్భాలూ ఉన్నాయి.

రెండో దారి బే బ్రిడ్జి మీదుగా. 101 నుంచి ఐ-80 ఈస్ట్, బర్క్‌లీ, రిచ్‌మండ్, కార్కినెజ్ బ్రిడ్జి, వాలెహో, అక్కడి నుంచి హైవే 29. ట్రాఫిక్ లేకపోతే ఇదే ఫాస్ట్. కానీ వారంలో ఏ రోజైనా మధ్యాహ్నం మూడు దాటితే బర్క్‌లీ దగ్గర బండి కదలదు.

ఇప్పుడు టోల్ సంగతి. బే ఏరియా బ్రిడ్జిల మీద టోల్ ఒకవైపే కడతారు. గోల్డెన్ గేట్ మీద దక్షిణం వైపు, అంటే సిటీలోకి వచ్చేటప్పుడు. బే బ్రిడ్జి మీద కూడా సిటీలోకి వచ్చేటప్పుడే. కార్కినెజ్ మీద మాత్రం వాలెహో వైపు వెళ్ళేటప్పుడు. దీన్నిబట్టి లెక్క వేయండి. వెళ్ళేటప్పుడు గోల్డెన్ గేట్, వచ్చేటప్పుడు కార్కినెజ్-బే బ్రిడ్జి అయితే మొత్తం ఒక్క టోల్. అదే లూప్ తిప్పి కొడితే, అంటే వెళ్ళేటప్పుడు కార్కినెజ్, వచ్చేటప్పుడు గోల్డెన్ గేట్ అయితే రెండు టోల్స్. ఒక్కోటి సుమారు 8 నుంచి 10 డాలర్లు. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు చూసుకోండి.

డాలర్ల కన్నా ఇబ్బంది పెట్టేది పేమెంట్. ఈ బ్రిడ్జిల మీద క్యాష్ తీసుకునే మనిషే ఉండడు. గోల్డెన్ గేట్ 2013లోనే పూర్తిగా ఎలక్ట్రానిక్ అయిపోయింది, మిగతావి 2020 నుంచి. కెమెరా నంబర్ ప్లేట్ ఫొటో తీస్తుంది, బిల్లు రెంటల్ కంపెనీకి వెళ్తుంది, వాళ్ళు టోల్ మీద సర్వీస్ ఛార్జీ వేసి మీ కార్డు గీకుతారు. కారు తీసుకునేటప్పుడే కౌంటర్‌లో "టోల్ ప్రోగ్రామ్ ఎలా, రోజుకి ఎంత?" అని అడగండి. ఫాస్ట్రాక్ వెబ్‌సైట్‌లో ప్లేట్ నంబర్ కొట్టి ఒక్కసారికి కట్టే ఆప్షన్ కూడా ఉంది. మన ఫాస్టాగ్ లాంటిదే ఈ ఫాస్ట్రాక్. పేరు కూడా దాదాపు అదే. ఎక్స్‌ప్రెస్ లేన్ అని బోర్డు కనిపిస్తే ట్యాగ్ లేకుండా అందులోకి దూరొద్దు.

ఓక్లాండ్ నుంచి వచ్చేవాళ్ళకి ఇంత లెక్క లేదు. ఐ-880, ఐ-80, కార్కినెజ్, వాలెహో, 29. వెళ్ళేటప్పుడు ఒక టోల్, వచ్చేటప్పుడు ఫ్రీ.

ఫ్రీమాంట్, మిల్‌పిటాస్, డబ్లిన్, శాన్ రమోన్‌లో చుట్టాల ఇంట్లో దిగినవాళ్ళు సిటీ వైపే చూడక్కర్లేదు. ఐ-680 నార్త్ పట్టుకుని బెనీషియా బ్రిడ్జి దాటి, 680 చివర్లో ఐ-80 తగలగానే హైవే 12 మీదకి వెళ్ళిపోండి. ఇక్కడ కూడా వెళ్ళేటప్పుడే టోల్. మా కజిన్ వాళ్ళు ఫ్రీమాంట్‌లో ఉంటారు. మొదటిసారి నాపా వెళ్ళినప్పుడు "గోల్డెన్ గేట్ కూడా కవర్ అవుతుంది కదా" అని అత్తమామల్ని తీసుకుని సిటీ మీదుగా వెళ్ళి, వచ్చేటప్పుడు వాలెహో నుంచి హైవే 37 పట్టుకున్నారట. వాలెహో దగ్గరి మేర్ ఐలాండ్ నుంచి సియర్స్ పాయింట్ దాకా అది ఒక్కోవైపు ఒక్కటే లేన్. ముందు ఒక కారు ఆగితే వెనక అందరూ ఆగాల్సిందే. పొద్దున పూట పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు ఉద్యోగుల రద్దీ. వీళ్ళు ఆ ముక్క దాటేసరికి ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

లోయలోకి వచ్చాక రెండే రోడ్లు

నాపా టౌన్ నుంచి పైకి యౌంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్, సెయింట్ హెలెనా, చివరికి కాలిస్టోగా. ఊళ్ళన్నీ దారానికి గుచ్చిన పూసల్లా ఒకే వరసలో ఉంటాయి. వాటిని కలిపేది హైవే 29. దానికి సమాంతరంగా తూర్పు కొండల పక్కనుంచి వెళ్ళేది సిల్వరాడో ట్రైల్. మధ్యమధ్యలో ఈ రెండిటినీ కలుపుతూ అడ్డరోడ్లు.

పెద్ద పేర్లు చాలా వరకు 29 మీదే. రాబర్ట్ మొండావి 1966లో పెట్టిన వైనరీ ఓక్‌విల్‌లో ఈ రోడ్డు పక్కనే. అందుకే ట్రాఫిక్ కూడా ఇక్కడే. యౌంట్‌విల్ దాటాక రోడ్డు సన్నబడుతుంది, వీకెండ్‌లో సెయింట్ హెలెనా మెయిన్ స్ట్రీట్ దగ్గర కార్లు నత్తనడక. సిగ్నల్ లేని చోట ఎడమకి తిరగాలంటే ఎదురుగా వచ్చే కార్ల వరస ఎప్పుడు తెగుతుందా అని చూస్తూ కూర్చోవాలి. మనకి ఇండియాలో కుడి టర్న్ ఎంత కష్టమో, అక్కడ ఎడమ టర్న్ అంత కష్టం. కొత్తగా రైట్ సైడ్ డ్రైవ్ చేసేవాళ్ళకి ఇక చెప్పనక్కర్లేదు.

దీనికి ఒక సింపుల్ ఉపాయం ఉంది. పైకి వెళ్ళేటప్పుడు కుడి చేతి వైపున్న వైనరీలు పెట్టుకోండి, కిందకి వచ్చేటప్పుడు మళ్ళీ మీ కుడి చేతికి వచ్చేవి. లేదంటే సిల్వరాడో ట్రైల్ మీద పైదాకా వెళ్ళిపోయి, 29 మీద కిందకి రండి. ట్రైల్ మీద ఊళ్ళు లేవు, స్టాప్‌లు తక్కువ. సైకిళ్ళు మాత్రం ఎక్కువ, చూసుకోవాలి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే 1976లో పారిస్‌లో జరిగిన బ్లైండ్ టేస్టింగ్‌లో ఫ్రెంచ్ వైన్లని ఓడించి నాపా పేరు ప్రపంచానికి తెలిసేలా చేసిన రెండు వైనరీలూ ఈ రూట్‌లోనే వస్తాయి. రెడ్‌లో గెలిచిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ ట్రైల్ మీద, వైట్‌లో గెలిచిన షాటో మాంటెలీనా కాలిస్టోగా దగ్గర.

నావిగేషన్ చెప్పింది కదా అని గుడ్డిగా తిరక్కండి. నాపా నుంచి సొనోమాకి వెళ్ళాలంటే ఒక్కోసారి ఓక్‌విల్ గ్రేడ్ మీదుగా చూపిస్తుంది. దూరం తక్కువే. కానీ అది నిటారుగా ఎక్కి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. శ్రీశైలం ఘాట్‌లో కళ్ళు తిరిగే అమ్మలు, పిన్నులు కార్లో ఉంటే ఆ దారి వద్దు. సిగ్నల్ కూడా కొండల్లో సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కిందకి వచ్చి 121-12 మీదుగా వెళ్తే పది పదిహేను నిమిషాలు ఎక్కువైనా కడుపులో ఉన్నది కడుపులోనే ఉంటుంది.

ఇంకో మాట. "దారిలో ఏది బాగుంటే అక్కడ ఆగుదాం" అనే మన స్టైల్ నాపాలో నడవదు. 1990లో కౌంటీ తెచ్చిన రూల్ ప్రకారం ఆ తర్వాత వచ్చిన వైనరీల్లో ముందే అపాయింట్‌మెంట్ ఉంటేనే టేస్టింగ్. టేస్టింగ్‌కి మనిషికి 40-75 డాలర్లు మామూలే, పేరున్న చోట ఇంకా ఎక్కువ. సొనోమాలో కాస్త తక్కువ, కాస్త రిలాక్స్‌డ్‌గానూ ఉంటుంది. 21 ఏళ్ళు నిండాలి, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. చాలా చోట్ల పిల్లల్ని లోపలికి రానివ్వరు, బుక్ చేసేటప్పుడే అడగాలి. ఒక్కో చోట గంటన్నర, మధ్యలో డ్రైవింగ్, లంచ్.. రోజుకి రెండు చాలు. మూడు అంటే పరుగే.

అసలు ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు స్టీరింగ్ ఎవరిది?

"టేస్టింగే కదా, ఒక్కో గుక్కే కదా" అంటారు అందరూ. కాసేపు లెక్క వేద్దాం. ఒక టేస్టింగ్‌లో నాలుగైదు రకాలు పోస్తారు. ఒక్కోటి సుమారు 45 ఎంఎల్ అనుకోండి. ఐదు రకాలకి 225 ఎంఎల్. అమెరికా లెక్కలో ఒక 'స్టాండర్డ్ డ్రింక్' అంటే 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ సుమారు 150 ఎంఎల్. అంటే ఒక్క వైనరీకే ఒకటిన్నర డ్రింక్. మూడు వైనరీలు తిరిగితే 675 ఎంఎల్. ఫుల్ వైన్ బాటిల్ 750 ఎంఎల్ అని గుర్తు చేసుకోండి. గుక్క గుక్కగా దాదాపు బాటిల్ మొత్తం ఒక్కరే తాగినట్టు. పైగా నాపా రెడ్ వైన్లలో ఆల్కహాల్ 14-15 శాతం దాకా ఉండటం మామూలే.

కాలిఫోర్నియాలో 21 దాటిన డ్రైవర్లకి రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.08 శాతం. ఇండియాలో 0.03 శాతం. అందుకే కొందరు "అక్కడ లిమిట్ ఎక్కువే కదా" అని ధీమాగా ఉంటారు. కానీ 0.08 కన్నా తక్కువ ఉన్నా, డ్రైవింగ్‌లో తేడా కనిపిస్తే కేసు పెట్టొచ్చు. అక్కడ దీన్ని డీయూఐ అంటారు. ఇక్కడిలా బండి పక్కన పెట్టించి, కౌన్సెలింగ్‌కి రమ్మని పంపించే వ్యవహారం కాదు. అరెస్ట్ చేసి, వేలిముద్రలు తీసుకుంటారు.

వీసా మీద ఉన్నవాళ్ళకి అసలు దెబ్బ అక్కడి నుంచి మొదలవుతుంది. 2015 నవంబర్‌లో అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గైడెన్స్ ప్రకారం, గత ఐదేళ్ళలో డీయూఐ అరెస్ట్ ఉంటే వీసాని రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కి ఉంది. మళ్ళీ చదవండి, అరెస్ట్. కోర్టు దోషి అని తేల్చక్కర్లేదు. హెచ్1బీ అయినా, ఎఫ్1 స్టూడెంట్ అయినా, బీ2 మీద వచ్చిన విజిటర్ అయినా అంతే. వీసా స్టాంప్ రద్దయిందంటే, ఇండియాకి వచ్చినప్పుడు తిరిగి వెళ్ళడానికి మళ్ళీ అప్లై చేయాలి, ఇంటర్వ్యూకి వెళ్ళాలి, కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర మెడికల్ టెస్ట్ చేయించుకోవాలి. అక్కడ ఉద్యోగం, ఇంటి లోన్, స్కూల్‌కి వెళ్ళే పిల్లలు. ఇక్కడ స్లాట్ కోసం ఎదురుచూపులు. అన్నీ ఒక సాయంత్రం 40 మైళ్ళ డ్రైవ్ వల్ల.

ఇంకొన్ని రూల్స్ కూడా ఉన్నాయి. తెరిచిన బాటిల్ కార్లో సీట్ల దగ్గర ఉండకూడదు, డ్రైవర్ తాగకపోయినా సరే. లంచ్‌లో సగం మిగిలిన బాటిల్‌కి మూత పెట్టి తెచ్చుకుంటే అది డిక్కీలోకే వెళ్ళాలి. సైకిల్ తొక్కితే పర్లేదు అనుకుంటే అదీ కుదరదు, తాగి సైకిల్ తొక్కడం కూడా అక్కడ నేరమే.

కాబట్టి ఇంట్లో బయల్దేరేటప్పుడే ఎవరు తాగరో తేల్చుకోండి. ఒక్కోసారి మన ఇళ్ళల్లో ఈ పని తేలికే, అమ్మో అత్తో ఎలాగూ ముట్టరు. కానీ వాళ్ళకి అక్కడ డ్రైవింగ్ రాదు. అందుకని కోడలో, అల్లుడో ఒకరు ఆ రోజుకి త్యాగం చేయాలి. "ఒక్క సిప్పే" అని ఆ మనిషిని బలవంతం చేయకండి. మిగతావాళ్ళు కూడా పోసిందంతా తాగాలని లేదు. రుచి చూసి పక్కనున్న బకెట్‌లో పారబోయడం అక్కడ మర్యాద తక్కువేం కాదు, అందుకే ఆ బకెట్ పెడతారు.

ఎవరూ త్యాగానికి సిద్ధంగా లేరా? మనకి కావాల్సినన్ని గంటలకి డ్రైవర్‌తో వ్యాన్ దొరుకుతుంది. మన కారే నడిపిపెట్టే డ్రైవర్లు కూడా ఉంటారు. ఆరుగురు కలిసి పంచుకుంటే పెద్ద భారం అనిపించదు. నాపా వ్యాలీ వైన్ ట్రెయిన్ అని పాత రైలు పెట్టెల్లో నాపా నుంచి సెయింట్ హెలెనా దాకా వెళ్ళి వచ్చే రైడ్ ఉంది, లంచ్‌తో కలిపి సుమారు మూడు గంటలు. పెద్దవాళ్ళకి ఇదే బెస్ట్ అని నా అభిప్రాయం, కాకపోతే ఖరీదు ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్ నుంచి వాలెహోకి గంటలో ఫెర్రీ వెళ్తుంది, అక్కడి నుంచి నాపాకి బస్సు. ఉబర్ నాపా టౌన్‌లో దొరుకుతుంది. కాలిస్టోగా దాకా వెళ్ళి సాయంత్రం అక్కడ ఉబర్ దొరుకుతుందిలే అని మాత్రం నమ్ముకోవద్దు.

మన లైసెన్స్‌తో డ్రైవ్ చేయొచ్చా?

విజిటర్‌గా వచ్చినవాళ్ళు 18 దాటి, ఇండియన్ లైసెన్స్ వ్యాలిడ్‌గా ఉంటే కాలిఫోర్నియాలో డ్రైవ్ చేయొచ్చు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అనేది విడిగా లైసెన్స్ కాదు, ఒక అనువాదం లాంటిది. కానీ కొన్ని రెంటల్ కంపెనీలు అడుగుతాయి. ఇక్కడ ఆర్టీఓలో తీసుకుంటే ఏడాది పనిచేస్తుంది. ఒరిజినల్ లైసెన్స్ కార్డు మాత్రం జేబులో ఉండాల్సిందే, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి రెంటల్‌లో ఎక్స్‌ట్రా ఛార్జీ వేస్తారు. 8 ఏళ్ళ లోపు పిల్లలకి వెనక సీట్లో కార్ సీటో, బూస్టరో తప్పనిసరి. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామంటే ఒప్పుకోరు.

డాక్యుమెంట్ల కన్నా నన్ను భయపెట్టేది నిద్ర. సమ్మర్‌లో మనకీ కాలిఫోర్నియాకీ 12 గంటల 30 నిమిషాల తేడా. అంటే అక్కడ మధ్యాహ్నం రెండు అయితే మీ ఒంట్లో గడియారం రాత్రి రెండున్నర. ఇరవై గంటలకి పైగా ప్రయాణం చేసి దిగి, కొత్త కారు, కొత్త వైపు స్టీరింగ్, 19వ అవెన్యూ సిగ్నల్స్.. వద్దు. దిగిన రోజు చుట్టాల ఇంట్లోనో, ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్‌లోనో పడుకోండి. ద్రాక్షతోటలు ఎక్కడికీ పోవు.

ఎప్పుడు వెళ్ళాలి?

ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు ద్రాక్ష కోతలు. చూడ్డానికి బాగుంటుంది, రేట్లు, రద్దీ కూడా అప్పుడే పీక్. అదే సీజన్‌లో కార్చిచ్చుల ప్రమాదం కూడా ఉంటుంది. 2017 అక్టోబర్‌లో టబ్స్ ఫైర్, 2020లో గ్లాస్ ఫైర్ ఈ ప్రాంతాన్ని ఎంత దెబ్బతీశాయో అక్కడున్న మనవాళ్ళకి తెలుసు. 'రెడ్ ఫ్లాగ్ వార్నింగ్' ఉందంటే ప్లాన్ మార్చుకోండి. రోడ్లు మూశారా లేదా అన్నది కాల్‌ట్రాన్స్ వాళ్ళ క్విక్‌మ్యాప్ యాప్‌లో లైవ్‌లో కనిపిస్తుంది.

నన్నడిగితే ఫిబ్రవరి. ద్రాక్ష తీగలకి ఆకులు ఉండవు నిజమే, కానీ వరసల మధ్య నేలంతా ఆవ పూలు. మన పోపుల డబ్బాలో ఉండే ఆవాల జాతే. లోయ మొత్తం పసుపు పరిచినట్టు ఉంటుంది. జనం తక్కువ, హోటల్ రేట్లు తక్కువ. వాన పడే ఛాన్స్ ఉంది, గొడుగు పెట్టుకోవాలి. ఏ సీజన్ అయినా మంగళ, బుధ, గురువారాల్లో వెళ్ళి, ఉదయం పదిన్నరకి మొదటి బుకింగ్ పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది. సాయంత్రం నాలుగు లోపు బయల్దేరడమో, లేదా అక్కడే డిన్నర్ చేసి ఏడు తర్వాత బయల్దేరడమో చేయండి. మధ్యలో మాత్రం వద్దు.

ఇంత దూరం, ఇన్ని బ్రిడ్జిలు మా వల్ల కాదు అనుకునేవాళ్ళకి ఒక విషయం. లివర్‌మోర్ శివ-విష్ణు గుడికి మీరు ఎన్నిసార్లు వెళ్ళుంటారు? ఆ ఊరు కూడా వైన్ కంట్రీయే. వెంటే, కన్‌కానన్ అనే వైనరీలు రెండూ 1883లో మొదలైనవి, గుడి నుంచి కొద్ది నిమిషాల డ్రైవ్. ఫ్రీమాంట్ నుంచి 680, హైవే 84 మీదుగా వెళ్ళిపోవచ్చు, ఒక్క టోల్ బ్రిడ్జి కూడా లేదు. పొద్దున దర్శనం చేసుకుని, మధ్యాహ్నం తోటలు చూసి, చీకటి పడేలోపు ఇంటికి. రెండూ ఒకే రోజు పెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి డిసైడ్ చేసుకోండి.

చివరిగా లగేజ్. ఇండియాకి తెచ్చుకునేవాళ్ళకి డ్యూటీ లేకుండా పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకే. 750 ఎంఎల్ బాటిళ్ళు రెండు, మూడోది పెడితే దాటిపోతుంది. చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టాలి, బట్టల మధ్యలో చుట్టి. పట్టుచీరల పక్కన మాత్రం రెడ్ వైన్ పెట్టకండి.